దొంగ ఈగల్లో ఏది ఏ గుంపు? రంగు వదిలేసి యాంటెన్నా చివర చూడండి

సంక్రాంతికి మా వైపు ఏ ఇంటికెళ్లినా పుంజు గురించి మాట రాకుండా ఉండదు కదా, నల్లగా ఉంటే కాకి, ఎర్రగా ఉంటే డేగ, తెల్లగా ఉంటే సేతువ, రెండు మూడు రంగులు కలిస్తే ఇంకేదో పేరు, వీధి చివర నుంచే ఈక చూసి చెప్పేస్తారు. ఆ అలవాటుతోనే నేను దొంగ ఈగల్ని చూడ్డం మొదలుపెట్టా, అదే ఇంగ్లీషులో రాబర్ ఫ్లై అంటారు చూడండి, అవి. మొదటి సంవత్సరం అంతా ఫోన్ నిండా ఫోటోలు తీసి బూడిదరంగువి ఒక ఫోల్డర్, పసుపు చారలవి ఒక ఫోల్డర్, సన్నగా ఉన్నవి ఒక ఫోల్డర్ అని సర్దుకున్నా. తర్వాత తెలిసింది ఏంటంటే సన్నగా ఉన్నవాటి ఫోల్డర్‌లో అసలు చుట్టరికమే సరిగ్గా లేని రెండు గుంపులున్నాయి, వాటిలో ఒకదాని అసలు బంధువులు బూడిదరంగు ఫోల్డర్‌లో కూర్చున్నాయి. సర్దిందంతా మళ్లీ చెయ్యాల్సొచ్చింది. మీకు ఆ పని పడకుండా ఇది రాస్తున్నా.

ముందు అసలు అది దొంగ ఈగేనా కాదా అన్నది తేల్చాలి. నేను మొదటిదాన్ని చూసింది మా ఏటిగట్టు మీద, ముళ్లకంచె తీగ మీద కూర్చుని ఒక తేనెటీగని వాటేసుకుని ఉంది. పక్కనే గేదెల్ని తోలుకొస్తున్న బాబాయి "జోరీగ రా అబ్బాయ్, గేదెల్ని పీకేత్తాది, కొట్టెయ్" అన్నాడు. నేనూ అదే అనుకున్నా. కానీ జోరీగ తేనెటీగని పట్టుకోవడం ఏంటి, ఆడ జోరీగ తాగేది పశువుల రక్తం, మగది పూల తేనె తాగి బతికేస్తుంది. ఇదేమో గాల్లో ఎగిరే పురుగుని గాల్లోనే పట్టేసి, సూదిలాంటి నోరు గుచ్చి, లాలాజలం లోపలికి వదులుతుంది. ఆ లాలాజలంలో నరాల్ని పడగొట్టేది, కండని కరిగించేది రెండూ ఉంటాయి, కాసేపటికి లోపలంతా జ్యూస్ అయిపోతే పీల్చేసి ఖాళీ పెంకు కింద పడేస్తుంది. ఆడదీ మగదీ రెండూ ఇదే పని. గేదెతో దానికి పనేం లేదు, ఇంకా చెప్పాలంటే గేదె చుట్టూ తిరిగే ఈగలే దీని భోజనం.

పోలిక దగ్గర నుంచి చూస్తే తేలిపోతుంది. దొంగ ఈగ తల ముందు నుంచి చూడండి, రెండు పెద్ద కళ్ల మధ్య నడినెత్తి లోపలికి దిగిపోయి ఉంటుంది, రెండు కొబ్బరికాయలు పక్కపక్కన పెడితే మధ్యలో వచ్చే పల్లం లాగ. ఆ పల్లంలో చిన్న దిబ్బ, దాని మీద మూడు చిట్టి కళ్లు. ఆడైనా మగైనా ఈ ఎడం ఉంటుంది. జోరీగలో మగదానికి రెండు కళ్లూ నెత్తిమీద కలిసిపోతాయి, ఆడదానికి ఎడం ఉన్నా ఇలా గొయ్యి ఉండదు. రెండోది మీసం. దొంగ ఈగ నోటి పైన ముళ్లలాంటి వెంట్రుకల గుబురు ఉంటుంది, దానికి శాస్త్రం వాళ్ల పేరు మిస్టాక్స్, గ్రీకులో మీసం అనే అర్థం. తప్పించుకోడానికి గింజుకునే తేనెటీగ కాళ్లూ కొండీ ముఖానికి తగలకుండా అది అడ్డు. మూడోది కాలి చివర, గోళ్ల కింద మెత్తలు చూడాలి. జోరీగకి మూడు మెత్తలు. దొంగ ఈగకి రెండే, మధ్యలో మెత్త ఉండాల్సిన చోట ఒక ముల్లు ఉంటుంది. ఈ మెత్తల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇక్కడొక చిన్న గొడవ. పురుగుల యాంటెన్నాల్ని మనం మామూలుగా మీసాలంటాం, బొద్దింక మీసాలు అన్నట్టు. పాఠ్యపుస్తకాల్లో స్పర్శశృంగాలు అని ఉంటుంది గానీ ఆ మాట నోట్లో తిరగదు. దొంగ ఈగకి నిజంగానే మూతి మీద మీసం ఉంది కాబట్టి ఈ వ్యాసంలో మీసం అంటే మూతి మీసమే, రెండోదాన్ని యాంటెన్నా అనే అంటా.

ఇప్పుడు గుంపుల విషయం. దొంగ ఈగలన్నీ కలిపి ఒకే కుటుంబం, ఎసిలిడే, ఆ కుటుంబాన్ని 1802లో లాత్రేయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పెట్టాడు. ప్రపంచం మొత్తం మీద దాదాపు 7,500 జాతులకి పేర్లున్నాయి. కుటుంబం కింద ఉపకుటుంబాలు, వాటి కింద ప్రజాతులు, వాటి కింద జాతులు. మనలాంటోళ్లకి ఫోన్ ఫోటోతో జాతి దాకా వెళ్లడం చాలాసార్లు కుదరదు, కానీ ఉపకుటుంబం మాత్రం పట్టుకోవచ్చు, ఇంటిపేరు తెలిస్తే సగం తెలిసినట్టే కదా. అయితే ఆ ఇంటిపేర్లే స్థిరంగా లేవు. 1962లో ఫ్రాంక్ హల్ అనే ఆయన ప్రపంచంలోని దొంగ ఈగలన్నిటినీ ఐదు ఉపకుటుంబాలుగా సర్దాడు. ఇంకో ఆరేళ్లకి, 1968లో, మార్టిన్ అనే ఆయన వాటిలో సన్నటి గుంపుని ఏకంగా వేరే కుటుంబం చేసేశాడు, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని మళ్లీ వెనక్కి తెచ్చి కలిపారు. 2009లో టోర్‌స్టెన్ డికో 200కి పైగా శరీర లక్షణాలు పోల్చి చూసి ఉపకుటుంబాలు 14 అన్నాడు. అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లాగే ఉంది, ఒకసారి విడిపోతారు ఒకసారి కలుస్తారు. అందుకే పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త సైట్‌లో ఇంకో పేరు కనిపిస్తే మీరు తప్పు చూశారని కంగారు పడక్కర్లేదు. ఈగ శరీరం అదే, గీత గీసిన చోటు మారింది అంతే. శరీరం నేర్చుకుంటే గీతలు ఎలా మారినా మనకి నష్టం లేదు.

పద్నాలుగూ మనకి అక్కర్లేదు. డెల్టాలో వరిగట్టు, కొబ్బరితోట, లంక ఇసుక, ఇంటి పెరడు తిరిగేవాడికి ఏడెనిమిది తెలిస్తే చాలు.

మొదట యాంటెన్నా. నన్నడిగితే ఒక్క ఫోటోకే అవకాశం ఉంటే తల పక్క నుంచి తియ్యండి, యాంటెన్నా చివర స్పష్టంగా రావాలి. దొంగ ఈగ యాంటెన్నా పొట్టిగా మూడు ముక్కలుగా ఉంటుంది, మూడో ముక్క చివర ఒక తోక లాంటిది ఉంటుంది, దాన్ని స్టైలస్ అంటారు. ఆటంతా ఆ తోక దగ్గరే. ఎసిలినే అనే ఉపకుటుంబంలో, అంటే మన గట్ల మీద ఎక్కువగా కనిపించే పెద్ద బూడిదరంగు, గోధుమరంగు రకాల్లో, మూడో ముక్క చిన్నగా ఉండి తోక సన్నగా పొడుగ్గా నున్నగా వెంట్రుక లాగ ఉంటుంది. ఒమాటినేలో అదే తోకకి వరసగా వెంట్రుకలు మొలిచి ఉంటాయి, దువ్వెన పళ్లలాగో కోడి ఈక లాగో. లాఫ్రినేలో మూడో ముక్క పెద్దగా గద లాగ ఉబ్బి తోక దాదాపు ఉండదు, ఉన్నా చివర గుంటలో చిన్న ముల్లు. దాసిపోగొనినే, స్టెనోపోగొనినే లాంటివాటిలో తోక ఉంటుంది కానీ పొట్టిగా లావుగా.

ఇందులో నన్ను బాగా ఏడిపించింది మొదటి రెండింటి మధ్య తేడా. ఒమాటియస్ అని ఒక ప్రజాతి ఉంది, పెరట్లో మందార కొమ్మ చివరో, జామచెట్టు ఎండుపుల్ల చివరో కూర్చుంటుంది, సెంటీమీటరు నుంచి ఒకటిన్నర దాకా, బూడిదరంగు ఒళ్లు, చాలావాటికి కళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. చిన్న సైజు ఎసిలినే ఈగ పక్కన పెడితే నాకు ఏడాది పాటు రెండూ ఒకటే. రెండింటికీ ఒళ్లు ఒకే తీరు, రెక్క ఒకే తీరు, మీసం ఒకే తీరు. హల్ కూడా ఒమాటియస్ గుంపుని ఎసిలినే లోపలే ఉంచాడు, వేరే ఉపకుటుంబం అయ్యింది తర్వాత, కాబట్టి నా తప్పు మరీ సిగ్గుపడేంతది కాదు. ఒకరోజు క్లిప్ లెన్స్ పెట్టి తీసిన ఫోటో జూమ్ చేస్తే యాంటెన్నా తోకకి పక్కన వరసగా పళ్లు కనిపించాయి, అప్పుడు పాత ఫోటోలన్నీ తెరిచి చూస్తే నేను ఎసిలినే అని పెట్టుకున్నవాటిలో చాలా మటుకు ఇవే. కంటికి కనిపించదు ఆ తేడా, మీటరు దూరం నుంచి అసలే కనిపించదు. కానీ ఒకసారి చూశాక ఇంకేం అనుమానం మిగలదు.

రెండోది రెక్క. రెక్కలో ఉండే గీతల్ని ఈనెలు అంటాం కదా, కొబ్బరాకు ఈనెల్లాగే, రెక్కని నిలబెట్టేవి అవే. ఈనెకీ ఈనెకీ మధ్య ఖాళీ ఒక మడి అనుకోండి, వరిమడి లాగ. రెక్క ముందు అంచు పొడుగునా మందపాటి ఈనె ఒకటి, అది సముద్రపు ఒడ్డు అనుకుందాం. దాని వెనకాలే వచ్చే ఒక పొడుగాటి ఈనె పేరు ఆర్1, అది రెక్క చివరికి కాస్త ముందు ఒడ్డులో కలుస్తుంది. దాని కింద ఇంకోటి ఆర్2+3. ఇప్పుడు మనం చూడాల్సింది ఒకటే. మన గోదావరి పాయలు చూడండి, గౌతమి యానాం వైపు, వశిష్ఠ అంతర్వేది దగ్గర, ఎవరి దారిన వాళ్లు సముద్రంలో కలుస్తారు. ఆర్1, ఆర్2+3 కూడా అలా విడివిడిగా ఒడ్డుకి చేరితే మధ్యలో ఉన్న మడి ఒడ్డు వైపు తెరుచుకుని ఉంటుంది, దాన్ని ఓపెన్ అంటారు. అలా కాకుండా ఒడ్డు చేరకముందే ఆర్2+3 పైకి వంగి ఆర్1లో కలిసిపోతే మడి మూసుకుపోయినట్టు, క్లోజ్డ్. ఆ మడి పేరు మార్జినల్ సెల్.

ఎసిలినే, ఒమాటినే, లాఫ్రినే మూడింటికీ మామూలుగా ఈ మడి మూసుకుని ఉంటుంది. సన్నటి లెప్టోగాస్ట్రినేకి, ఇసుక మీద ఉండే స్టికోపోగొనినేకి, దాసిపోగొనినే, స్టెనోపోగొనినేలకి తెరిచి ఉంటుంది. అంటే ఒక్క మడితో గుంపులన్నీ రెండు కుప్పలైపోతాయి, మూసుకున్న కుప్పలో మూడింటినీ యాంటెన్నా తోక విడదీసేస్తుంది, ఒకటి నున్నగా, ఒకటి ఈకలాగ, ఒకటి మొద్దుగా. తెరిచి ఉన్న కుప్పకే ఇంకాస్త పని. పై నుంచి, రెక్కలు ఒళ్లు మీద మడుచుకుని కూర్చున్నప్పుడు ఒక రెక్క ఇంకోదాని మీద పడి ఈనెలు గజిబిజి అయిపోతాయి, ఎండ వెనక నుంచి పడేలా కాస్త పక్కకి జరిగి తీస్తే పై రెక్క ఈనెలు బాగా కనిపిస్తాయి.

ఈ రెండు పరీక్షలు చేతిలో ఉంటే నా సన్నటివాళ్ల ఫోల్డర్ కథ చెప్పొచ్చు. వరి ఈనే రోజుల్లో గట్టు పక్కన గడ్డిలో వంగి చూడండి, పుల్ల లాంటి ఒళ్లు, పొడుగు కాళ్లు వేలాడేసుకుని మెల్లగా తేలుతున్నట్టు ఎగిరేది కనిపిస్తుంది, చాలామంది పిల్ల తూనీగ అనుకుంటారు. అది లెప్టోగాస్ట్రినే. మిగతా దొంగ ఈగల్లాగ దూకి గాల్లో పట్టుకునే రకం కాదు ఇవి చాలావరకు, గడ్డిపోచల మధ్య ఎగురుతూ కూర్చుని ఉన్న చిన్న పురుగుల్ని, సాలీళ్లని కొమ్మ మీద నుంచి కాయ కోసినట్టు కోసుకుపోతాయి. వెనక కాళ్ల తొడ చివరికి ఉబ్బి గదలాగ ఉంటుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మెత్తలు ఇక్కడ పనికొస్తాయి, దొంగ ఈగలకి మామూలుగా గోళ్ల కింద రెండు మెత్తలుంటే లెప్టోగాస్ట్రినేలో ఎక్కువవాటికి అవి కూడా ఉండవు, ఉత్త గోళ్లే. ఇంకోటి, మామూలు ఈగ రెక్క మొదట్లో వెనక వైపు ఒక చిన్న గుండ్రటి తమ్మె ఉంటుంది, ఆల్యులా అంటారు, ఇది వీటికి లేదు, అందుకే రెక్క మొదలు కాడ లాగ సన్నబడిపోయి కనిపిస్తుంది. మీసం కూడా పేరుకే, నోటి అంచున నాలుగు వెంట్రుకలు. ఇన్ని తేడాలుంటే 1968లో వేరు కాపురం పెట్టించాలని మార్టిన్‌కి అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే అదే గడ్డిలో, అదే సన్నటి నడుముతో, నారింజ పసుపు ఛాయలో ఇంకో ఈగ ఉంటుంది, మికోటామియా అనే ప్రజాతి. మన దేశంలో మికోటామియా ఆరాటా అనే జాతి ఉంది, పేరు పెట్టి రెండొందల ఏళ్లు దాటింది. చూస్తే సన్నటి కందిరీగ అనిపిస్తుంది. నేను దాన్ని కళ్లు మూసుకుని లెప్టోగాస్ట్రినే వాటి పక్కన పెట్టేశా. రెక్క చూస్తే మడి మూసుకుని ఉంది. యాంటెన్నా చూస్తే ఈక. కాళ్లకి మెత్తలు ఉన్నాయి. అది ఒమాటినే, అంటే మందార కొమ్మ మీద కూర్చున్న ఆ పొట్టి బూడిదరంగు ఒమాటియస్‌కి దగ్గర చుట్టం. నడుము సన్నబడ్డం అనేది ఈ రెండు గుంపుల్లో వేరువేరుగా జరిగింది, ఒళ్లు తీరు చూసి చుట్టరికం కలిపితే ఇలాగే అవుద్ది. ఈ ఒక్క ఉదాహరణ మొదట్లోనే ఎవరైనా చెప్పుంటే నాకు ఏడాది కలిసొచ్చేది.

వేషం కట్టడంలో వీటన్నిటినీ మించింది లాఫ్రినే. బలిసిన ఒళ్లు, ఒత్తుగా బొచ్చు, తేనెటీగ లాగ తుమ్మెద లాగ కనిపిస్తాయి. వీటి పిల్ల పురుగులు పుచ్చిన చెక్కలో పెరుగుతాయి, చెక్కని తొలిచే పెంకుపురుగుల పిల్లల్ని తింటూ, అందుకే పెద్దవి కూడా ఎక్కువగా పాత మొద్దులు, ఎండిన మానుల దగ్గర తిరుగుతాయి. మూతి కూడా వేరు, లాఫ్రియా ప్రజాతిలో అది పక్కల నుంచి నొక్కినట్టు చాకు లాగ ఉంటుంది. గట్టి పెంకుపురుగుని పట్టుకున్నప్పుడు మెడ సందులోనో, రెక్కల పెంకులు విచ్చుకున్న చోటో చూసి దించుతాయి. ఇక హైపరెకియా అని ఒకటుంది చూడండి, దక్షిణ భారతంలో ఉండే జాతి పేరు హైపరెకియా జైలోకోపిఫార్మిస్, అంటే జైలోకోపా రూపంలో ఉన్నది అని. జైలోకోపా అంటే మన నల్ల తుమ్మెద, వెదురు వాసాలకీ ఇంటి దూలాలకీ గుండ్రటి బెజ్జం పెట్టి అందులో గుడ్లు పెట్టేది. ఈ దొంగ ఈగ అచ్చంగా దాని వేషం వేస్తుంది, దాని పిల్ల పురుగేమో అదే చెక్కలో ఉన్న తుమ్మెద పిల్లల్ని తింటుంది. ఇంట్లో వాళ్ల బట్టలే వేసుకుని ఇంట్లోకి దూరే దొంగ.

దాన్ని పట్టుకోవడం మాత్రం మీరు అనుకున్నంత కష్టం కాదు, ఎందుకంటే వేషం రంగుకీ బొచ్చుకీ మాత్రమే. ఈగ కాబట్టి రెక్కలు రెండే, తుమ్మెదకి నాలుగు. వెనక రెక్కలు ఉండాల్సిన చోట ఈగకి గదల్లాంటి రెండు చిన్న బుడిపెలు ఉంటాయి, ఎగిరేటప్పుడు బ్యాలెన్స్ కోసం. తుమ్మెద యాంటెన్నా పొడుగ్గా మోచెయ్యి లాగ వంగి ఉంటుంది, దీనిది పొట్టి మొద్దు. మధ్యలో గొయ్యి ఉన్న నెత్తి, మూతి మీసం సరేసరి, ఏ తుమ్మెదకీ అవి ఉండవు.

తెరిచిన మడి కుప్పలోకి మళ్లీ వద్దాం. లంకల్లో నీళ్లు తీసేశాక మిగిలే ఇసుక తిన్నెల మీద, అంతర్వేది బీచ్ లాంటి చోట్ల, పొద్దున తొమ్మిది దాటాక ఇసుక రంగులో ఏదో చిన్నది మీ కాలి ముందు నుంచి లేచి రెండడుగులు ఎగిరి మళ్లీ ఇసుక మీదే కూర్చుంటుంది. కూర్చున్నాక కనపడదు. అది స్టికోపోగాన్ అయ్యుండొచ్చు, సెంటీమీటరు కూడా ఉండదు, ఒళ్లంతా వెండి పౌడరు పూసినట్టు. దాన్ని గుర్తుపట్టడానికి ముఖం ఎదురుగా చూడాలి, మిగతా వాటికి కళ్ల మధ్య ఎడం పై దాకా కాస్త సమానంగా వెళ్తుంది, దీనికి పైకి వెళ్లేకొద్దీ ఎడం పెరుగుతుంది, కళ్లు రెండూ ఒకదాన్నొకటి ఇష్టం లేనట్టు పక్కకి తిరిగిపోయినట్టు ఉంటాయి. ఇసుక మీద పొట్ట ఆనించి పడుకుని ఫోటో తియ్యాలి, నేను అలా పడుకుంటే చేపల వల ఆరేస్తున్న ఆయన వచ్చి "ఏవైందండి, కళ్లు తిరిగేయా" అని మంచినీళ్లు ఇచ్చాడు.

డామాలిస్ కూడా మన దేశంలోదే, ట్రైగొనోమిమినే అనే గుంపు. దీనికి పెద్ద పరీక్షలు అక్కర్లేదు, కళ్లు ఒళ్లు కంటే వెడల్పుగా బయటికి పొడుచుకొచ్చి మోటర్‌సైకిల్ అద్దాల్లాగ ఉంటాయి, వీపు గూని, వెనక తొడలు లావు, మీసం పలచన. పుల్ల చివర కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతుంటే నవ్వొస్తుంది.

దాసిపోగొనినేకి మాత్రం పుంజుల ఊరోళ్లకి నచ్చే గుర్తు ఉంది. ముందు కాలి పిక్క చివర వంకర తిరిగిన గట్టి ముల్లు ఒకటి, పుంజు కాలి ముల్లు లాగ, ఒక్కో ప్రజాతిలో అది ఎస్ అక్షరం లాగ మెలి తిరిగి ఉంటుంది. దాదాపు అదే ఒళ్లుండి ఆ ముల్లు లేకపోతే స్టెనోపోగొనినే వైపు చూడాలి. పాత రోజుల్లో ఈ ముల్లున్నవీ లేనివీ, ఇసుక మీదవీ, గూని వీపువీ ఇవన్నీ కలిపి ఒకే దాసిపోగొనినే అనేవాళ్లు, హల్ పెట్టిన ఐదు కాస్తా 14 అవ్వడంలో ఎక్కువ భాగం ఆ ఒక్క ఉమ్మడి కుటుంబం విడిపోవడమే. నాకు ముల్లున్నది మా మండలంలో ఇంకా కనపడలేదు, చూసినవాళ్లుంటే ముందు కాలి ఫోటో తియ్యడం మర్చిపోకండి.

పుస్తకాల్లో ఇంకా రెండు గుర్తులు వాడతారు, నోటి పక్కన ఉండే పాల్ప్ ఒక ముక్కా రెండు ముక్కలా అన్నది ఒకటి, ఎసిలినేకి ఒకటి లాఫ్రినేకి రెండు. ఇంకోటి మెడ కింద రొమ్ము పలక పక్క పలకలతో అతుక్కుని ఉందా విడిగా ఉందా అన్నది, 1951లో క్లెమెంట్స్ అనే ఆయన ఇది చూస్తే గుంపులు తేలతాయని రాశాడు. రెండూ మైక్రోస్కోప్ కింద చచ్చిన ఈగకి సరిపోతాయి, గట్టు మీద బతికున్నదానికి కుదరవు.

గుంపు తేలిపోయాక ప్రజాతి. మన దగ్గర అందరి కళ్లలో పడేది ప్రోమాకస్, మూడు సెంటీమీటర్ల దాకా ఉండే పెద్ద ఈగ, నేను ముళ్లకంచె మీద చూసింది అదే అని ఇప్పుడు అనుకుంటున్నా. అది ఎసిలినే, సరే, ఎసిలినేలో ప్రోమాకస్ అని ఎలా చెప్పాలంటే మళ్లీ రెక్కే. మార్జినల్ మడి కింద ఉండే సబ్‌మార్జినల్ మడులు లెక్కపెట్టండి, మామూలుగా రెండు ఉంటాయి, ప్రోమాకస్‌లో ఒక అడ్డ ఈనె వచ్చి ఒక మడిని రెండు చేస్తుంది కాబట్టి మూడు. అన్నదమ్ములు పొలం మధ్యలో గట్టు వేసుకున్నట్టు. కొన్ని జాతుల్లో మగదాని తోక, అంటే యాంటెన్నాది కాదు, పొట్ట చివరి భాగం, దాని కొసన తెల్లటి కుచ్చు ఉంటుంది, ఎగురుతుంటే దూరం నుంచి మెరుస్తుంది, కానీ కుచ్చు లేనంత మాత్రాన ప్రోమాకస్ కాదని కొట్టెయ్యకూడదు. ఇలా చూడండి, రంగు గురించి మాట్లాడకుండానే ఒక్క రెక్కతో ఉపకుటుంబాల్ని రెండు కుప్పలు చేశాం, అదే రెక్కతో ప్రజాతి కూడా పట్టుకున్నాం.

ఆడదాని తోక కూడా బోలెడు చెబుతుంది, ఎక్కడ గుడ్లు పెడుతుందో దాన్ని బట్టే ఆకారం. ఇసుకలో మట్టిలో పెట్టేవాటికి తోక చివర ముళ్ల వలయం ఉంటుంది, పార లాగ తవ్వి గుడ్డు దించడానికి. ఎసిలినేలో చాలావాటికి తోక పక్కల నుంచి నొక్కి కత్తిలాగ పలచగా ఉంటుంది, ఆకు తొడిమ సందులో, పూల గుత్తిలో దూర్చడానికి వీలుగా. ప్రోమాకస్ ఇంకో రకం, పుల్ల మీదో గడ్డి కాడ మీదో గుడ్లు పెట్టి చుట్టూ తెల్లటి సున్నం లాంటి ముద్ద కప్పేస్తుంది. కంచె పుల్లల మీద అలాంటి తెల్లటి ముద్ద కనిపిస్తే గీకి పారెయ్యకండి, అందులోంచి వచ్చే పిల్లలు నేలలోకి దిగి వేర్లు కొరికే పెంకుపురుగు పిల్లల్ని తింటాయి. జాతి దాకా వెళ్లాలంటే మగదాని తోక చివర కొక్కేల ఆకారం చూడాలి, అది మళ్లీ మైక్రోస్కోప్ వాళ్ల పని, ఫోటో చూసి ఖాయంగా జాతి పేరు చెప్పేవాళ్లని నేను కొంచెం అనుమానంగానే చూస్తా.

ఫోటో విషయం ఒకటి చెప్పి వదిలేస్తా. నాలుగు తియ్యండి, తల పక్క నుంచి ఒకటి, ముఖం ఎదురుగా ఒకటి, రెక్క ఈనెలు పడేలా ఒకటి, కాళ్ల చివరలు ఒకటి. ఎగిరిపోతుందని భయమైతే ఏదైనా తింటున్నప్పుడు వెళ్లండి, చేతిలో తిండి ఉన్నప్పుడు కాస్త దగ్గరకి రానిస్తుంది, లేచినా చాలాసార్లు మళ్లీ అదే పుల్ల మీదకి వస్తుంది కాబట్టి కదలకుండా నిలబడితే చాలు. చేత్తో మాత్రం పట్టుకోకండి, మన జోలికి రాదు గానీ నలిపితే గుచ్చుతుంది, నాకు అనుభవమే, గంటసేపు మంట. కొంతమంది చిన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కొన్ని నిమిషాలు ఉంచితే మందకొడిగా అయిపోతుంది, ఫోటో తీశాక వదిలెయ్యొచ్చు అంటారు, నిజమే, నేనూ చేశా. ఆవకాయ జాడీ పక్కన ఈగ డబ్బా చూసి మా అమ్మ వారం రోజులు ఆ ఫ్రిజ్ ముట్టుకోలేదు.

బాబాయికి కూడా ఇదంతా చెప్పా, కంచె మీద ఇంకోటి కూర్చుని ఉంటే నెత్తి గొయ్యి, మూతి మీసం చూపించా. కాసేపు వంగి చూసి "అయితే దీన్ని కొట్టకూడదన్నమాట, ఆయ్" అన్నాడు, మర్నాడు చేతి మీద వాలిన జోరీగని కూడా కొట్టకుండా ముందు దాని నెత్తి చూశాడట, ఆలోపు అది కుట్టింది. నా పని ఇప్పుడు మా పశువుల పాక దగ్గర. పాత వెదురు వాసాలకి తుమ్మెదలు బెజ్జాలు పెట్టాయి, రోజూ సాయంత్రం వెళ్లి వచ్చేపోయే ప్రతి నల్ల తుమ్మెదకీ రెక్కలు లెక్కపెడుతున్నా. ఇప్పటిదాకా అన్నిటికీ నాలుగే.